ఒరిజినల్ అట్లనే ఉండాలె: మా సేల్స్ రిపోర్టుల నకళ్ల డైరీ

సోమవారం, దసరా తర్వాత

మా షాపు నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద. డ్రిప్ సామాను, సబ్‌మర్సిబుల్ మోటర్లు, పీవీసీ పైపులు అమ్ముతాం. దేవరకొండలో, మిర్యాలగూడలో బ్రాంచీలున్నాయి. బిల్లులన్నీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పడతాయి. రైతుల వివరాలు, కొటేషన్లు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఇదంతా సీఆర్ఎంలో, అంటే కొనేవాళ్ల సంగతులు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దాన్ని చూసుకునేది నేను.

ఇవాళ సేటు కొత్త పని అప్పజెప్పారు. "ఈ నెల అమ్మకం ఇంత అని ఒక్క అంకె చూపిస్తే నాకేం తెలుస్తదమ్మా? డ్రిప్ ఏ మండలంల పోతుంది, మోటర్లు ఏ మండలంల పోతున్నయి, సబ్సిడీది ఎంత, నగదుది ఎంత, అది కావాలె" అన్నారు. న్యాయమే. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన రిపోర్టులు చాలానే ఉన్నాయి: ఈ నెల అమ్మకాలు, సేల్స్‌మ్యాన్ వారీగా, స్టేజీ వారీగా, పోయిన డీల్స్. రైతుతో నడిచే ఒక్కో బేరం ఒక ‘డీల్’, అది చేరిన మెట్టు ‘స్టేజీ’, అమ్మకం అయితే ‘గెలిచింది’, చేజారితే ‘పోయింది’. అవన్నీ ఏ ఊళ్లో ఏ వ్యాపారానికైనా పనికొచ్చేలా చేసినవి. వాటికి మండలమంటే తెలియదు, యాసంగి అంటే అసలే తెలియదు.

కొత్త రిపోర్టు ఖాళీ పేజీ నుంచి కట్టొచ్చు. నేను మాత్రం ఉన్న రిపోర్టుకు నకలు తీసి, దాన్నే మార్చాలని అనుకుంటున్నాను. ‘ఈ నెల అమ్మకాలు’ రిపోర్టులో గెలిచిన డీల్స్ మాత్రమే రావాలన్న ఫిల్టర్, తేదీ ఫిల్టర్, మొత్తం వేసే కాలమ్ అప్పటికే సరిగ్గా ఉన్నాయి. ఖాళీ పేజీతో మొదలుపెడితే వీటిలో ఏదో ఒకటి జారిపోతుంది, జారిపోయినట్టు తెలియను కూడా తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది. ఒరిజినల్ అలాగే ఉంటుంది కాబట్టి నకలు తేడాగా లెక్క చెప్పినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అంగట్లో వాడే తూకం రాళ్లు అరిగాయో లేదో చూడటానికి ముట్టుకోని రాయి ఒకటి లోపల దాచుకున్నట్టన్నమాట.

నకలు తీసే బటన్‌కు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేరు. సేల్స్‌ఫోర్స్‌లో ‘సేవ్ యాజ్’, ఇంకొన్నింట్లో ‘క్లోన్’. ఎక్కడైనా నిమిషం పని. ‘సేవ్’కూ ‘సేవ్ యాజ్’కూ తేడా చూసుకోవాలి, అంతే. మొదటిది నొక్కితే అందరూ చూసే రిపోర్టే మారిపోతుంది.

మంగళవారం

నకలు తీశాను. దానితో ఏవి వచ్చాయో, ఏవి రాలేదో ముందు చూసుకున్నాను. కాలమ్‌లు, ఫిల్టర్లు, గ్రూపులు, చార్టు వచ్చాయి. ప్రతి సోమవారం పొద్దున సేటుకు మెయిల్ పోయే షెడ్యూల్ రాలేదు. డ్యాష్‌బోర్డు మీది బొమ్మ ఇంకా ఒరిజినల్‌నే చూపిస్తుంది. నకలు నా సొంత ఫోల్డర్‌లో పడింది కాబట్టి బ్రాంచీల వాళ్లకు కనబడదు. ప్రస్తుతానికి అదే మంచిది. పని సగంలో ఉన్న రిపోర్టు నలుగురికీ కనబడిందంటే, అందులోని తప్పు అంకె సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది.

ఒక అనుమానం దేవరకొండ అన్నకు వచ్చింది, మంచి అనుమానమే: "నకలు తీస్తే డీల్స్ కూడా రెండు రెండు అయితయా?" కావు. రిపోర్టులో డేటా ఉండదు. డేటాను ఎలా చూడాలన్న ప్రశ్న మాత్రమే ఉంటుంది. ఎన్ని నకళ్లు తీసినా అవన్నీ చదివేది ఆ రికార్డులనే. నకలును డిలీట్ చేస్తే రైతు పేరు ఎక్కడికీ పోదు. దానికి వ్యతిరేకం కూడా నిజం: రికార్డులో తప్పుంటే ఒరిజినల్‌లోనూ నకలులోనూ ఒకే తప్పు వస్తుంది.

పేర్ల సంగతి కూడా ఇవాళే తేల్చేశాను. మా సీఆర్ఎంలో అప్పటికే ‘కాపీ ఆఫ్ కాపీ ఆఫ్ సేల్స్’ అని ఒకటుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఎవరూ చెప్పలేకపోయారు. ఇకపై పేరులోనే మూడు సంగతులు రావాలి: దేని లెక్క, దేని వారీగా, ఏ తేదీ ప్రకారం. ‘డ్రిప్ అమ్మకం – మండలం – బిల్లు తేదీ’, ఇలా. కింద వివరణ పెట్టెలో ఏ రిపోర్టు నుంచి నకలు తీశామో రాయాలి. తర్వాత ఒరిజినల్‌లో ఏదైనా మార్చితే అది నకలులోకి రాదు కదా, అప్పుడు ఈ వాక్యమే దారి చూపిస్తుంది.

గురువారం

పరీక్షకు ఆగస్టు నెల తీసుకున్నాను. అకౌంటెంట్ ఆ నెల లెక్కలు మూసేశారు, కాబట్టి అంకెలు ఇక కదలవు. నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకసారికి ఒక్క మార్పు. మార్చగానే నడిపించి, కింది మొత్తాన్ని ఒరిజినల్‌తో పోల్చాలి. గ్రూపు మారిస్తే మొత్తం మారకూడదు. ఫిల్టర్ మారిస్తే మారొచ్చు, కానీ ఎందుకు మారిందో చెప్పగలగాలి.

మొదట తేదీ. సీఆర్ఎం రిపోర్టు చూసేది డీల్ ‘ముగింపు తేదీ’ని. డీల్ నడుస్తున్నన్నాళ్లూ అది సేల్స్‌మ్యాన్ అంచనా. గెలిచాక అసలు తేదీ కావాలి. మా వాళ్లు స్టేజీని ‘గెలిచింది’ అని మారుస్తారు, తేదీని వదిలేస్తారు. జూలై 30న అయిపోతుందని వేసుకున్న డీల్ ఆగస్టు 12న బిల్లయినా, రిపోర్టులో జూలైలోనే కూర్చుంటుంది. సబ్సిడీ డ్రిప్‌లో ఇది మరీ ఎక్కువ. దరఖాస్తు, సర్వే, ఎస్టిమేట్, మంజూరు, ఇన్ని మెట్లు దాటాలి. మొదట వేసిన తేదీకి, సామాను పొలానికి చేరిన తేదీకి నెలల దూరం ఉంటుంది.

అందుకని డీల్‌లో ‘బిల్లు తేదీ’ అనే ఫీల్డు కొత్తగా పెట్టాను. స్టేజీ ‘గెలిచింది’ కావాలంటే అది నింపి తీరాలన్న రూలు కూడా పెట్టాను. నకలులో తేదీ ఫిల్టర్‌ను దాని మీదికి మార్చాను. ఆగస్టు డీల్స్‌కు బిల్లు తేదీలు ట్యాలీ నుంచి ఎక్సెల్‌లోకి తీసి, బిల్లు నంబరు ఆధారంగా ఇంపోర్టు చేశాను. మొత్తం మారింది. మారాలి కూడా: జూలైలో కూర్చున్నవి ఆగస్టుకు వచ్చాయి, ఆగస్టులో ఉన్నవి కొన్ని సెప్టెంబరుకు పోయాయి. ఏ డీల్ ఎటు పోయిందో పక్కన రాసుకున్నాక మనసు కుదుటపడింది.

శనివారం, సోమవారం

ఈ రెండు రోజులూ మండలమే. అసలు పనంతా ఇక్కడే ఉంది.

‘జిల్లా’ మీద గ్రూపు చేసి చూస్తే దాదాపు అంతా నల్లగొండ. పాత నల్లగొండ జిల్లా 2016 అక్టోబరు 11న మూడు ముక్కలైంది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మా దగ్గర ఉన్న పాత రైతుల జాబితా అంతకు ముందు నోటు పుస్తకాల నుంచి ఎక్కించింది. అందుకని హుజూర్‌నగర్ రైతు కూడా, చౌటుప్పల్ రైతు కూడా ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉన్నారు. ఆ మాటకొస్తే, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే చెబుతారు. రిపోర్టుకు మాత్రం అది కుదరదు.

సరే, మండలం మీద గ్రూపు చేద్దామంటే ఆ ఫీల్డులో ఎవరికి తోచింది వాళ్లు టైపు చేశారు. మిర్యాలగూడ ఒక్కటే ఇంగ్లిషులో నాలుగైదు స్పెల్లింగుల్లో ఉంది, ఒకాయన ఎం.ఎల్.జి. అని కూడా రాశారు. కొండమల్లేపల్లి, మల్లేపల్లి రెండూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు అవన్నీ వేరు వేరు ఊళ్లే. ఒక అక్షరం తేడా ఉన్నా వేరే గ్రూపు కడుతుంది. వీటన్నిటినీ మించిన పెద్ద గ్రూపు ఒకటుంది: మండలమే రాయనిది. రిపోర్టులో దాని పేరు చిన్న గీత. ఆగస్టులో అన్నిటికంటే ఎక్కువ డ్రిప్ అమ్ముడుపోయిన మండలం ఆ గీతే!

రిపోర్టులో ఏం చేసినా ఇది పోదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో రిపోర్టు లోపలే నాలుగు స్పెల్లింగులను ఒక డబ్బాలో వేసే వసతి ఉంది. అది ఆ ఒక్క రిపోర్టుకే పనిచేస్తుంది, ఇంకో నకలు తీస్తే మళ్లీ అక్కడ సరిచూసుకోవాలి, రేపు ఎవరో ఐదో స్పెల్లింగు రాస్తే అది డబ్బా బయటే ఉంటుంది. ఫీల్డునే బాగుచేయాలి. టైపు చేసే ఫీల్డు తీసేసి, జాబితా నుంచి ఎంచుకునే ఫీల్డు పెట్టాను. జాబితాలో చండూరు, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, కనగల్, గుర్రంపోడు, చింతపల్లి, పెద్దవూర, నిడమనూరు, త్రిపురారం, వేములపల్లి, దామరచర్ల, ఇలా మేం తిరిగేవన్నీ పెట్టాను. 2022లో కొత్తగా మండలమైన గట్టుప్పల్‌ను కూడా చేర్చాను. ఆ ఊరి రైతులు మా దగ్గర అప్పటిదాకా చండూరు కిందే ఉన్నారు.

పాత రికార్డులకు పిన్‌కోడ్ చూసి మండలం వేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. పిన్‌కోడ్ పోస్టాఫీసుది, మండలం రెవెన్యూ వాళ్లది. రెండిటి హద్దులు ఒకటి కావు. ఊరి పేరు చూసి వేయడమే నయం. బ్రాంచీకి ఒక ఎక్సెల్ షీటు పంపాను. మిర్యాలగూడ తమ్ముడు మధ్యాహ్నానికే నింపి పంపించాడు, దేవరకొండ నుంచి ఇంకా సగమే వచ్చింది. పత్తి ఏరే రోజులు, కూలీల కోసం వాళ్ల ఇంట్లోనూ తిప్పలే కదా, గట్టిగా అడగలేదు.

సగం డేటాతోనే నకలు నడిపిస్తే సేటు అడిగింది లీలగా కనబడుతోంది. చండూరు, మునుగోడు, కనగల్ వైపు బత్తాయి తోటలు, డ్రిప్ అటే పోతోంది. సాగర్ ఎడమ కాల్వ కింద, త్రిపురారం, వేములపల్లి వైపు వరి కాబట్టి పైపులే ఎక్కువ. ఇది షాపులో కూర్చున్న వాళ్లెవరికైనా తెలిసిన సంగతే. రిపోర్టు కూడా అదే చెబితేనే తర్వాత చెప్పే కొత్త సంగతులను నమ్మగలం.

బుధవారం

జీఎస్టీ. ఇది నకలు తీసేటప్పుడు ఎవరూ తలచుకోని విషయం.

డ్రిప్ మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. పీవీసీ పైపులు 18 లోనే ఉన్నాయి. మా డీల్‌లో ‘మొత్తం’ అనే ఫీల్డులో సేల్స్‌మ్యాన్ వేసేది రైతుకు చెప్పిన ధర, అంటే పన్నుతో కలిపి. లక్ష రూపాయల సామానుకు అప్పుడు 1,12,000, ఇప్పుడు 1,05,000. సామాను అంతే, మా రాబడి అంతే, రిపోర్టులో మాత్రం 6.25 శాతం పడిపోయినట్టు చూపిస్తుంది. నిరుటి యాసంగితో ఈ యాసంగిని పోలిస్తే డ్రిప్ తగ్గిందని, పైపులు నిలబడ్డాయని తేలుతుంది. దాన్ని చూసి సేటు డ్రిప్ సేల్స్‌మ్యాన్‌ను అడిగితే, పాపం, ఆయన దగ్గర జవాబుండదు.

ఒరిజినల్‌లోని ‘మొత్తం’ కాలమ్‌ను నకలు నుంచి తీసేసి, పన్ను లేని ధర కాలమ్ పెట్టాను. ఒక్కో డీల్‌లో డ్రిప్, పైపులు కలిసి ఉంటాయి కాబట్టి డీల్ మొత్తాన్ని ఒకే రేటుతో భాగించడం తప్పు. కొటేషన్‌లోని ఒక్కో సరుకు వరుస నుంచి పన్నుకు ముందు ధరను కూడాలి. కొటేషన్ సీఆర్ఎంలో చేసిన డీల్స్‌కు ఇది తేలికే. చీటీ మీద ధర రాసిచ్చి, సీఆర్ఎంలో ఒక్క అంకె వేసినవి ఉన్నాయి. వాటికి ట్యాలీ బిల్లే ఆధారం.

శుక్రవారం

సబ్సిడీ, నగదు విడదీయడం చిన్న పనే, ‘కొనుగోలు తీరు’ అనే ఫీల్డు ముందు నుంచీ ఉంది. చిక్కంతా ఫిల్టర్లను కలపడంలోనే. సేటు అడిగింది ఇది: గెలిచిన డీల్స్ అన్నీ, వాటితో పాటు మంజూరు వచ్చి సామాను పోవాల్సినవి, రెండూ డ్రిప్‌వే, ఈ మండలాలవే. నాలుగు షరతులు వరుసగా పెట్టి మధ్యలో ‘లేదా’ అని వేస్తే, డ్రిప్ కానివి కూడా వచ్చి పడ్డాయి. బ్రాకెట్లు పెట్టాలి: 1 మరియు 2 మరియు (3 లేదా 4). ఒకటి డ్రిప్, రెండు మండలం, మూడు గెలిచింది, నాలుగు మంజూరైంది. బ్రాకెట్ లేకపోతే ‘లేదా’ అవతలి షరతు ఒంటరిగా నిలబడి, మంజూరైన ప్రతి డీల్‌నూ లోపలికి పిలుస్తుంది.

గెలిచినవి, మంజూరైనవి ఒకే మొత్తంలో కలిపి చూపడం నాకు ఇష్టం లేదు. మొదటిది వచ్చిన డబ్బు, రెండోది రావాల్సింది. అందుకని స్టేజీని అడ్డంగా, మండలాన్ని నిలువుగా పెట్టి మ్యాట్రిక్స్ రిపోర్టుగా మార్చాను. రెండు కాలమ్‌లు పక్కపక్కన కనబడతాయి, కూడిక కావాలంటే చివర ఉంది.

సోమవారం

సేల్స్‌మ్యాన్ రైతు దగ్గరికి ఎన్నిసార్లు పోయాడో కూడా చూపమన్నారు. డీల్స్ రిపోర్టుకు విజిట్లను జత చేశాను. నడిపించగానే మొత్తం ఎగిరి కూర్చుంది. నేను చేర్చింది కాలమ్ మాత్రమే, ఫిల్టర్ కాదు, అంటే మొత్తం కదలకూడదు. వరుసలు విప్పి చూస్తే కారణం తెలిసింది. ఒక డీల్‌కు మూడు విజిట్లుంటే ఆ డీల్ మూడు వరుసల్లో వచ్చింది, ధర మూడుసార్లు కూడింది. ఇంకోవైపు, ఫోన్ మీదే అయిపోయిన డీల్స్ అసలు కనబడలేదు. జత చేసేటప్పుడు ‘విజిట్లు ఉన్నవే’ అని ఎంచుకుంటే అంతే, ‘ఉన్నా లేకపోయినా’ అన్నది ఎంచుకోవాలి. తగ్గినవి, పెరిగినవి ఒకదాన్నొకటి పూడ్చుకుని మొత్తం దగ్గరగా వచ్చి ఉంటే ఇది పట్టుబడేదే కాదు.

విజిట్లను ఈ రిపోర్టు నుంచి తీసేశాను. డీల్‌లోనే ‘విజిట్ల సంఖ్య’ అని లెక్కపెట్టే ఫీల్డు పెట్టి, దాన్ని కాలమ్‌గా తెచ్చుకున్నాను. డబ్బు లెక్క చూపే రిపోర్టుకు పిల్ల రికార్డులు, అంటే విజిట్ల లాగా ఒక్కో డీల్ కింద ఎన్నో ఉండేవి, జతచేయకపోవడమే మేలని నా అభిప్రాయం. విజిట్ల గురించి కావాలంటే డబ్బు లేని రిపోర్టు వేరే చేసుకోవాలి.

బుధవారం

ఇక కాలాలు. సాఫ్ట్‌వేర్ త్రైమాసికాలు జనవరి నుంచి లెక్కపెడుతోంది, సెట్టింగ్స్‌లో ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్‌కు మార్చాను. అది కంపెనీ మొత్తానికి వర్తించే సెట్టింగ్ కాబట్టి, ఆర్థిక సంవత్సరం వాడే పాత రిపోర్టుల పాత అంకెలు కూడా మారతాయి. మార్చేముందు వాటిని పీడీఎఫ్ తీసి దాచాను. ఏప్రిల్ నుంచి మార్చి అయితే జూన్‌లో మొదలయ్యే వానాకాలం, తర్వాతి యాసంగి రెండూ ఒకే ఏడాదిలో కూర్చుంటాయి. జనవరి నాటి బిల్లు కిందటి ఏడాది యాసంగితోనే పోతుంది. బిల్లు తేదీలోని నెలను చూసి కాలం పేరు చెప్పే ఫార్ములా ఫీల్డు పెట్టాను: జూన్ నుంచి సెప్టెంబరు వానాకాలం, అక్టోబరు నుంచి మార్చి యాసంగి, మిగతాది ఎండకాలం.

సేటుకు చూపిస్తే ఒక్క మాటతో కొట్టిపారేశారు. "డ్రిప్‌కు సరే. మోటర్లకు గిదేం లెక్క? నీళ్లు కిందికి పోయి మోటర్లు కాలేది ఫిబ్రవరి నుంచి మే దాక. దాన్ని నువ్వు రెండేండ్లల్ల వేసినవ్." నిజమే. మోటర్ల సీజను మార్చి 31 మీద రెండుగా విరుగుతుంది. ఒక్క రిపోర్టులో రెండు సరుకుల కాలాలు ఇమడవు. డ్రిప్ నకలుకు మళ్లీ నకలు తీసి, సరుకు ఫిల్టర్ మోటర్లకు మార్చి, ఆర్థిక సంవత్సరం బదులు తేదీలే పెట్టాను, ఫిబ్రవరి 1 నుంచి మే 31. వివరణ పెట్టెలో ఈ కారణం రాశాను.

శనివారం

రిపోర్టులను ‘యాజమాన్యం’, ‘బ్రాంచీలు’ అని రెండు ఫోల్డర్లలోకి మార్చి షేర్ చేశాను. గంటలోపే దేవరకొండ నుంచి ఫోన్: "అక్కా, సేటు ఫోన్‌ల ఒక లెక్క ఉంది, నా ఫోన్‌ల ఇంకోటుంది. ఏది నమ్మాలె?" రెండూ నిజమే. రిపోర్టు షేర్ చేయడం వేరు, అందులోని రికార్డులు చూసే హక్కు వేరు. ఆయనకు దేవరకొండ డీల్స్ మాత్రమే కనబడతాయి కాబట్టి ఆయన రిపోర్టు అవే కూడుతుంది. మెయిల్ షెడ్యూల్ అలా కాదు. మా దాంట్లో అది పెట్టినవాళ్ల హక్కులతో తయారవుతుంది. నేను పెట్టిన మెయిల్ బ్రాంచీకి పోతే అన్ని బ్రాంచీల లెక్కలూ పోతాయి. అందుకని మెయిల్ సేటుకే, బ్రాంచీల వాళ్లు తెరిచి చూసుకుంటారు. బ్రాంచీ ఫోల్డర్‌లో వాళ్లకు చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ఇచ్చాను, మార్చే హక్కు ఇవ్వలేదు.

ట్యాలీతో పోల్చాను. ఆగస్టులో పన్ను లేని మొత్తం ఇంకా కొంచెం ఎక్కువే చూపిస్తోంది. తేడా అంతా వాపస్ వచ్చిన సామానుది. ట్యాలీలో క్రెడిట్ నోట్ పడింది, సీఆర్ఎంలో డీల్ ‘గెలిచింది’ గానే ఉంది. డీల్‌లో ‘వాపస్ మొత్తం’ అని ఫీల్డు పెట్టొచ్చు, కానీ రెండు చోట్ల ఎక్కించే పని ఎవరి మీద వేయాలి? అకౌంటెంట్ తన వల్ల కాదన్నారు. బుధవారం ఆడిటర్ వస్తున్నారు, అడిగి చూడాలి. అప్పటిదాకా రిపోర్టు పేరు చివర ‘వాపస్‌లు తీయలేదు’ అని చేర్చి పెట్టాను.